డయోడు: విద్యుత్తునకు ఏకముఖ ద్వారము



గడచిన వానకారులో, వేరుసెనగకు ఊడలు దిగు దినములలో, మా సంఘ సభ్యులలో నొకరు అప్పు దరఖాస్తు చేతబట్టుకొని కార్యాలయమునకు వచ్చిరి. వారి చేను ఎమ్మిగనూరునకు దాపున గలదు. బోరుమీద మూడు హార్సుపవరుల సోలారు మోటారు, దానికి పది పలకలు. అంతకు ముందటి యేడు ప్రొద్దున ఎనిమిది గంటలకే నీరు పోయుచుండిన ఆ మోటారు, ఇప్పుడు పదకొండు దాటినగాని కదలకుండెను. మధ్యాహ్నము మూడు గంటలకే నిలిచిపోవుచుండెను. ఊడ నేలలో దిగువేళ పదును తప్పినచో కాయ కట్టదని మీకు మేము చెప్పనక్కఱలేదు. మూడు పలకలు చెడినవనియు, వానిని మార్చక తప్పదనియు ఎవరో చెప్పిరట. క్రొత్త పలకలకై అప్పు కావలెనని వారి కోరిక.

అప్పు వ్రాయుటకు ముందు చెడిన వస్తువేదో కన్నులార చూడవలెనని తలచి, మాలో ఇద్దరము ఒక మెకానిక్కును వెంటబెట్టుకొని చేనికి పోయితిమి. అతడు మొదట మోటారు పెట్టె స్విచ్చి ఆపి, పిమ్మట పలకలను ఒక్కొక్కటిగా విడదీసి మీటరుతో కొలిచెను. ఏడు పలకలు ఇంచుమించు 45 వోల్టుల చొప్పున చూపినవి. తక్కిన మూడును 15 వోల్టుల చొప్పున చూపినవి. పలకలు పగిలియో కాలియో చెడినచో ఒకటి ముప్పది, ఒకటి ఎనిమిది, ఒకటి సున్న చూపవలసినది గదా! మూడును సరిగా మూడవవంతే చూపుట యేల?

ఈ ప్రశ్నకు జవాబు పలకలో లేదు. పలక వెనుక అంటించిన నల్లని చిన్న పెట్టెలో నున్నది. ఆ పెట్టెలలో డయోడు అను చిన్న వస్తువు లుండును. మూడు పెట్టెలలో కలిపి ఆరు డయోడులు చెడియుండెను. ఆ యారింటి వెల యంతయు ఒక్క పలక వెలలో చిన్న పాలునకైన రాదు.

ఈ డయోడు నేడు రైతు ఇంట లేని చోటు లేదు. చేతిలోని సెల్‌ఫోను చార్జరులో, వాకిట వెలుగు ఎల్.ఇ.డి. దీపములో, మందు కొట్టు బ్యాటరీ పంపులో, మోటారు స్టార్టరులో, సోలారు పలకలో ఇది యున్నది. దీని తీరు తెలియని వానికి చెడినది ఏదో తెలియదు. తెలియనివాడు ఇతరులు చెప్పిన వెల చెల్లించును. కావున ఈ నెల పాఠమునకు దీనినే విషయముగా గైకొంటిమి. వినుటకు క్రొత్తగా నున్నను, ఇందు మీరు ఎరుగని వస్తువు లేదు. ఇసుక, భాస్వరము, బోరాను — ఈ మూడే దీని మూలద్రవ్యములు.

1. వాహకములు, అవాహకములు, అర్ధవాహకములు

రాగి, అల్యూమినియము మున్నగు లోహములలో విద్యుత్తు సులభముగ ప్రవహించును. వీనిని వాహకము లందురు. పింగాణి, రబ్బరు, ఎండిన కొయ్య మున్నగువానిలో ప్రవహింపదు. ఇవి అవాహకములు. కరెంటు స్తంభముపై తీగ రాగిదో అల్యూమినియముదో యై, తీగ కూర్చుండు గిన్నె పింగాణిదగుటకు కారణ మిదియే.

ఈ భేదము ఎక్కడినుండి వచ్చెను? ప్రతి వస్తువును పరమాణువులతో కూడినది. పరమాణువు వెలుపలి అంచున ఎలెక్ట్రానులను అతి సూక్ష్మమైన కణములుండును. ఇవి కదలుటయే విద్యుత్ప్రవాహము. లోహములో ఈ కణములు బీడున విడిచిన పశువులవలె ఎటుపడిన అటు తిరుగుచుండును. కొంచెము అదలించిన మందయంతయు ఒక దిక్కునకు నడచును. పింగాణిలో అవి గుంజకు గట్టి పలుపుతో కట్టిన పశువులు. ఎంత అదలించినను కదలవు.

ఈ రెండింటికి నడుమ మరియొక తెగ గలదు. ఇందు కణములు కట్టబడియేయున్నవి గాని, ఆ పలుపు సన్ననిది. వేడి తగిలినను, వెలుగు సోకినను కొన్ని తెంచుకొని బయటపడును. ఇట్టి వస్తువునకు అర్ధవాహకమని పేరు. ఇంగ్లీషువారు సెమికండక్టరు అందురు. లోహమును కాచినకొలది విద్యుత్తు నడచుట కష్టమగును. అర్ధవాహకమును కాచినకొలది సులభమగును. ఈ విపరీత గుణమును 1833లో ఇంగ్లండున మైకేలు ఫారడే అను శాస్త్రజ్ఞుడు వెండి గంధకముల సమ్మేళనమున మొదట గమనించెను.

2. ఇసుక, భాస్వరము, బోరాను

అర్ధవాహకములలో ముఖ్యమైనది సిలికాను. భూమి పైపొరలో తూకమునకు నూటికి ఇంచుమించు 28 పాళ్లు ఇదియే. మన వాగులలోని తెల్లని ఇసుక సిలికానును ప్రాణవాయువును కలిసినది. ఇసుకను కొలిమిలో బొగ్గుతో కాచి, ప్రాణవాయువును తొలగించి, పలుమార్లు శుద్ధి చేసి స్ఫటికముగా పెంచుదురు.

సిలికాను పరమాణువు వెలుపలి అంచున నాలుగు ఎలెక్ట్రానులు గలవు. ప్రతి పరమాణువును చుట్టునున్న నలుగురు పొరుగువారితో ఒక్కొక్క ఎలెక్ట్రానును పంచుకొని కలిసియుండును. ఎమ్మిగనూరు మగ్గములమీద నేసిన గట్టి బట్టను తలచుకొనుడు. పడుగులోని ప్రతి పోగును పేకలోని పోగుతో పెనవేసికొని యుండును. వదులుగా వ్రేలాడు పోగొకటియు నుండదు. శుద్ధమైన సిలికాను అట్టి బట్ట. కాబట్టి అందు విద్యుత్తు మిక్కిలి కొంచెముగ మాత్రమే నడచును.

ఇప్పు డీ సిలికానులో రవంత భాస్వరము కలిపిన నేమగునో చూతము. సూపరు ఫాస్ఫేటు బస్తాలో మనము కొని చేనికి చల్లునది ఈ భాస్వరమునే, వేరొక సమ్మేళన రూపమున. భాస్వరపు పరమాణువునకు వెలుపల ఐదు ఎలెక్ట్రానులు. నాలుగు పొరుగువారితో పెనవేసికొనును, ఐదవది మిగిలిపోవును. మిగిలినది స్వేచ్ఛగా తిరుగును. ఇట్టి సిలికానునకు ఎన్-జాతి యని పేరు. తిరుగు కణము ఋణవిద్యుత్తు గలది గనుక దీనిని ఋణజాతి యనియు చెప్పవచ్చును.

భాస్వరమునకు బదులు బోరాను కలిపిన నేమగును? వేరుసెనగ గింజ లోపల గుల్లపడకుండ మనము వేయు సూక్ష్మపోషకమే బోరాను. దాని పరమాణువునకు వెలుపల మూడే ఎలెక్ట్రానులు. నలుగురు పొరుగువారితో చేయి కలుపుటకు ఒకటి తక్కువ. అక్కడ ఖాళీ యేర్పడును. ఆ ఖాళీకి రంధ్రమని పేరు. ఇట్టి సిలికానును పి-జాతి యనియు, ధనజాతి యనియు అందురు.

ఖాళీ యెట్లు కదలునని మీ రడుగవచ్చును. ఆదోని పత్తి మార్కెట్టు వాకిట బండ్లు బారుగా నిలిచినప్పుడు చూడుడు. ముందరి బండి లోపలికి పోయినచో దాని చోటు ఖాళీ యగును. వెనుకబండి ఆ ఖాళీలోనికి జరుగును. దాని వెనుక ఖాళీ యేర్పడును. అందులోనికి మూడవది జరుగును. బండ్లు ముందునకు నడచుచున్నవి. ఖాళీ మాత్రము వెనుకకు నడచుచున్నట్లు కనబడును. సిలికానులో రంధ్రము నడచుట ఇట్టిదే. ఎలెక్ట్రాను ఒక దిక్కునకు జరిగిన, రంధ్రము ఎదురు దిక్కునకు జరుగును.

కలుపు ప్రమాణము మాత్రము అత్యల్పము. కోటి సిలికాను పరమాణువులకు ఒక్కటి కలిసినను గుణము మారిపోవును. సూక్ష్మపోషకము మోతాదు మించిన పైరు మాడునట్లే, ఇందును పాలు తప్పిన వస్తువు చెడును. కావుననే దీనిని గొప్ప కర్మాగారములలో, దుమ్ము రేణువైన చొరని గదులలో చేయుదురు.

3. రెండు జాతుల పొలిమేర

ఒకే సిలికాను ముక్కలో ఒకవైపు పి-జాతిని, రెండవవైపు ఎన్-జాతిని ఏర్పరచినచో అదియే డయోడు. రెండు త్రోవలు గలది యని ఆ మాటకు గ్రీకు భాషలో అర్థము. దాని శక్తియంతయు ఆ రెండింటి పొలిమేరలో నున్నది.

పొలిమేరకు దగ్గరనున్న ఎన్-జాతి ఎలెక్ట్రానులు కొన్ని దాటిపోయి పి-జాతి రంధ్రములలో పడును. ఎలెక్ట్రానును రంధ్రమును కలిసినచో రెండును తీరిపోవును. ఇట్లు పొలిమేర కిరువైపుల తిరుగు కణములు లేని సన్నని పట్టె యొకటి మిగులును. రెండు చేల నడుమ దున్నక విడిచిన బీడువంటిది. దాని వెడల్పు వెండ్రుక మందములో నూరవవంతునకైన రాదు. అయినను అది గట్టు వలె నిలిచి తక్కిన కణములను దాటనీయదు. సిలికానులో ఆ గట్టు ఎత్తు సుమారు 0.6 లేక 0.7 వోల్టు.

ఇప్పుడు బ్యాటరీ ధనధ్రువమును పి-వైపునకును, ఋణధ్రువమును ఎన్-వైపునకును తగిలించినచో, రెండు వైపులనుండియు కణములు పొలిమేరకు నెట్టబడును. బీడు సన్నగిల్లును. ఒత్తిడి 0.7 వోల్టునకు వచ్చుసరికి గట్టు తెగినట్లై విద్యుత్తు ధారాళముగ ప్రవహించును. దీనిని అనుకూల సంధానమందుము.

ధ్రువములను తారుమారు చేసినచో కణములు పొలిమేరనుండి దూరముగా లాగబడును. బీడు ఇంకను వెడల్పగును. విద్యుత్తు నిలిచిపోవును, లెక్కింపదగనంత కొంచెము మాత్రము కారును. ఇది ప్రతికూల సంధానము. డయోడు ఏకముఖ ద్వారమనుట ఇందుచేతనే.

4. ఫుటు వాల్వు పోలిక

బావిలో పైపు అడుగున ఉండు ఫుటు వాల్వును ఎరుగని రైతు లేడు. నీరు పైకి పోవునప్పుడు దాని రేకు తెరచుకొనును. నీరు వెనుకకు రాబోవునప్పుడు ఆ నీటి బరువే రేకును మూసివేయును. డయోడు విద్యుత్తునకు ఫుటు వాల్వు. ఈ పోలికనుండి మూడు సంగతులు తెలిసికొనదగియున్నవి.

మొదటిది: రేకు తెరచుకొనుటకు కొంత ఒత్తిడి వ్యయమగును. అట్లే డయోడు దాటుటకు 0.7 వోల్టు వ్యయమగును. ఆ వ్యయము వేడిగా మారును. మూడు ఆంపియరులు నడచు డయోడు రెండు వాట్లకు పైగా వేడిని పుట్టించును. గాలి ఆడని పెట్టెలో, మన వేసవి ఎండలో, ఇది సామాన్యము కాదు. షాట్కీ డయోడు అను మరియొక రకమున ఈ వ్యయము 0.2 మొదలు 0.4 వోల్టు వరకే యుండును.

రెండవది: పైపునుబట్టి వాల్వు ఉండవలెను. రెండంగుళముల వాల్వును నాలుగంగుళముల పైపునకు తగిలింపరాదు. డయోడునకును ఇంత ఆంపియరులని హద్దు గలదు.

మూడవది: వెనుకనీటి బరువు మితిమీరినచో రేకు చిట్లును. డయోడునకును వెనుక ఒత్తిడికి హద్దు గలదు. 1ఎన్4007 అను పేరుగల డయోడు అంగళ్లలో మిక్కిలి సాధారణముగ దొరకునది. అది ఒక ఆంపియరు ప్రవాహమును, 1000 వోల్టుల వెనుక ఒత్తిడిని ఓర్చును. పిడుగుపాటువలన తీగలో పుట్టు ఒత్తిడి అంతకు మించవచ్చును. ఉరుములు మెరుపుల రాత్రి పిమ్మట దీపములు, చార్జరులు చెడుట కిది యొక కారణము.

5. కొంత చరిత్ర

1874లో జర్మనీ దేశమున ఫెర్డినాండు బ్రౌను అను పండితుడు, కొన్ని ఖనిజములకు లోహపుమొన తాకించినచో విద్యుత్తు ఒకవైపే నడచునని కనుగొనెను. ఆ తెరవున నడచి, కలకత్తాలో జగదీశ చంద్ర బోసుగారు గెలీనా అను సీసపు ఖనిజముతో విద్యుత్తరంగములను పసిగట్టు సాధనమును నిర్మించి, 1904లో అమెరికాలో పేటెంటు పొందిరి. మన దేశమున సహకార పరపతి సంఘముల చట్టము పుట్టినదియు ఆ 1904లోనే యని మనము సంతోషముతో తలచుకొనవచ్చును. అదే యేట ఇంగ్లండున ఫ్లెమింగు గాజుబుడ్డి డయోడును నిర్మించెను. పాత రేడియోలలో ఎఱ్ఱగా వెలుగుచుండిన వాల్వులు ఆ వంశమువే.

1938లో మాచాని సోమప్పగారు ఎమ్మిగనూరున చేనేత సహకార సంఘమును స్థాపించిరి. అంతకు రెండేండ్లకు, 1940లో, అమెరికాలో బెల్ ప్రయోగశాలయందు రసెల్ ఓల్ అను నతడు బీటవారిన సిలికాను ముక్కపై దీపము వెలుగు పడగా విద్యుత్తు పుట్టుట చూచి ఆశ్చర్యపడెను. ఆ ముక్కలో ఒకవైపు పి-జాతి, ఒకవైపు ఎన్-జాతి తమంతట నేర్పడియుండెను. సిలికానులో పొలిమేరను మానవుడు గుర్తెరిగినది అప్పుడు. అదే ప్రయోగశాలలో 1954లో నేటి తీరుగల సోలారు పలక సిద్ధమయ్యెను. దానికి ముందటి యేట, అనగా 1953లో, మన ఆదోని ప్రాంతము బళ్లారి జిల్లాను విడిచి ఆంధ్ర రాష్ట్రమున చేరినది. తుంగభద్ర ఆనకట్టయు ఆ యేటనే పూర్తియైనది.

తుంగభద్ర దిగువ కాలువ నీరు అందు చేలు కొన్ని. అందని చేలు పెక్కు. అందనివారికి బోరే దిక్కు. 2017లో అవిభక్త కర్నూలు జిల్లాలోని గని, శకునాల గ్రామములయొద్ద 1000 మెగావాట్ల సోలారు క్షేత్రము పనిచేయ నారంభించెను. 2019లో కేంద్ర ప్రభుత్వము పి.ఎం. కుసుమ్ పథకమున సోలారు పంపులకు సహాయము మొదలుపెట్టినది. ఇట్లు ఓల్ చూచిన పొలిమేర నేడు మన చేని గట్టుమీదికి వచ్చినది.

6. వంకర విద్యుత్తును తిన్నగా చేయుట

మన ఇండ్లకు వచ్చు 230 వోల్టుల కరెంటు ఒకే దిక్కునకు నడచునది కాదు. సెకనునకు 50 మారులు ముందునకును, 50 మారులు వెనుకకును ఊగును. బ్యాటరీకి అట్టిది పనికిరాదు. ముందునకు పోసినది వెనుకకు తోడినచో తొట్టి నిండునా?

కొన్ని చార్జరులలో మొదట ఒత్తిడిని తగ్గించి, పిమ్మట నాలుగు డయోడులను చతురస్రముగా కూర్చుదురు. నాలుగు మడవలు గల కాలువ కూడలి అనుకొనుడు. నీరు తూర్పునుండి వచ్చినచో రెండు మడవలు తెరచుకొని నీటిని చేనివైపు త్రిప్పును. పడమటినుండి వచ్చినచో తక్కిన రెండు తెరచుకొని దానిని ఆ చేనివైపే త్రిప్పును. వచ్చు దిక్కు మారినను పోవు దిక్కు మారదు. దీనిని బ్రిడ్జి రెక్టిఫయరు అందురు. తరువాత కెపాసిటరు అను నిలువతొట్టి యుండి, ఎగుడుదిగుడు ధారను సమముగ చేయును.

లెక్కకు ఒక దృష్టాంతము. 12 వోల్టుల ట్రాన్సుఫార్మరు నుండి వచ్చు ఊపునకు శిఖరము సుమారు 17 వోల్టులు. ఏ క్షణమునను రెండు డయోడులను దాటవలెను గనుక 1.4 వోల్టు వ్యయము. మిగులునది సుమారు 15.6 వోల్టులు. నాలుగింటిలో ఒకటి తెగిపోయినచో సగము ఊపులు వ్యర్థమై చార్జింగు మందగించును. ఒకటి అతుకుకొనిపోయినచో ఫ్యూజు పోవును, లేదా ట్రాన్సుఫార్మరు మాడును.

ఎల్.ఇ.డి. దీపమును డయోడే. అందు ఎలెక్ట్రానును రంధ్రమును పొలిమేరవద్ద కలియునప్పుడు తీరిపోయిన శక్తి వెలుగుగా వచ్చును. మరి సోలారు పలక? దీనికి తలక్రిందులు. వెలుగు సోకగా పలుపు తెంచుకొన్న ఎలెక్ట్రానును రంధ్రమును పొలిమేర గట్టు చెరియొక వైపునకు నెట్టును. ఆ నెట్టుటయే కరెంటు. కాబట్టి పలకలోని ప్రతి గడియు వెడల్పాటి డయోడే.

7. పలక వెనుకనున్న నల్లపెట్టె

ఇక మొదటి ప్రశ్నకు వత్తము. మేము చూచిన పలకలో 72 గడులు వరుసగా కలుపబడియుండెను. గడికి అరవోల్టునకు పైచిల్లర. అన్నియు కలిసి 45 వోల్టులు.

చెరువు పూడిక తీయునప్పుడు కూలీలు బారుగా నిలిచి మట్టితట్టలు చేతినుండి చేతికి అందింతురు గదా. బారులో ఒక్కడు కూలబడినచో తట్టలన్నియు అక్కడ నిలిచిపోవును. వెనుకవారు ఆగక నెట్టినచో ఆ కూలబడినవాడు నలిగిపోవును. నీడ పడిన గడి యట్టిది. తక్కిన 71 గడులు కరెంటును దానిమీదికి నెట్టగా అది మిక్కిలి కాగి మాడిపోవును. ఆకు నీడ, కాకి రెట్ట, ప్రక్కన పేర్చిన పత్తికట్టె నీడ — ఏదైనను చాలును.

ఈ యాపదను తప్పించుటకే 24 గడుల కొక్కటి చొప్పున మూడు డయోడులను నల్లపెట్టెలో నుంతురు. వీనిని బైపాసు డయోడు లందురు. ఎండ సమముగ నున్నంతసేపు ఇవి మూసికొనియుండును. ఒక గడికి నీడ తగిలినంతనే ఆ 24 గడుల వరుసకు ప్రక్కత్రోవ తెరచుకొని, కరెంటు చుట్టు తిరిగి పోవును. పలకకు మూడవవంతు నష్టమైనను, గడి మాడదు, మోటారు నిలువదు.

అయితే ఆ ప్రక్కత్రోవ నడచునంతసేపు డయోడు కాగుచుండును. మా సభ్యుని చేనిలో గట్టున ఒక వేపచెట్టు గలదు. నాటినప్పటికంటె అది పెరిగి, చివరి మూడు పలకలమీద ప్రతిదినము ప్రొద్దున నీడ వేయుచుండెను. ఆ పలకల డయోడులు దినదినము గంటలకొలది కాగి, కాగి, తుద కతుకుకొనిపోయినవి. అతుకుకొన్న డయోడు ఎన్నడును మూయని తలుపు. ఎండ నిండుగా నున్నను ఆ 24 గడుల ఒత్తిడి వ్యర్థమే. ఒక్కొక్క పెట్టెలో రెండు డయోడులు అట్లయ్యెను. 45లో 15, మరల 15 పోగా మిగిలినవి 15. మూడవవంతు రహస్య మిదియే. మూడు పలకలకు 30 చొప్పున 90 వోల్టులు పోయెను. పది పలకల 450 వోల్టులలో ఐదవవంతు లోపించినందున మోటారు నడిమధ్యాహ్నమునగాని కదలకుండెను.

8. డయోడును పరీక్షించు విధము

డయోడు ఒడలిమీద ఒక అంచున వెండిరంగు గీత యుండును. అది ఎన్-వైపునకు గుర్తు. కరెంటు గీతలేని కొసనుండి గీతగల కొసకు మాత్రమే నడచును. పటములలో దీనిని ముక్కోణముగా వ్రాసి మొన వద్ద అడ్డుగీత గీయుదురు. మొన చూపు దిక్కే కరెంటు పోవు దిక్కు.

మల్టీమీటరును డయోడు గుర్తు నొద్ద నిలిపి, విడదీసిన డయోడునకు ఎఱ్ఱతీగను గీతలేని కొసకును, నల్లతీగను గీతగల కొసకును తాకింపుడు. 0.5 మొదలు 0.7 వరకు అంకె కనబడవలెను. షాట్కీ రకమైన 0.2, 0.3 కనబడును. తీగలు మార్చి తాకించినచో ఏ అంకెయు రాక, మీటరు త్రోవ లేదని చూపవలెను. రెండు విధములను సున్నకు దగ్గరి అంకె వచ్చిన అది అతుకుకొన్నది. రెండు విధములను త్రోవ లేకున్న అది తెగినది. తెగిన బైపాసు డయోడు అతుకుకొన్నదానికంటె ప్రమాదము. పలక మామూలు వోల్టులే చూపును గాని, నీడ పడిన నాడు కాచువాడు లేక గడి మాడును.

9. జాగ్రత్తలు

సోలారు పలకను ఆపుటకు స్విచ్చి లేదు. ఎండ యున్నంతసేపు అది విద్యుత్తు పుట్టించుచునే యుండును. పది పలకల వరుసలో 450 వోల్టు లుండును. ప్రాణము తీయుటకు అది చాలును. ఇంటి కరెంటు ఊపు సెకనునకు నూరుమారులు సున్నకు దిగును గనుక నిప్పురవ్వ ఆరుట కవకాశము గలదు. పలకల కరెంటు ఒకే దిక్కునకు నడచునది గనుక నిప్పురవ్వ ఆరక సాగి చేయి కాల్చును. కాబట్టి మోటారు నడచుచుండగా పలకల తీగలను ఎన్నడును లాగరాదు. ముందు పెట్టె స్విచ్చి ఆపవలెను. నల్లపెట్టె విప్పవలసినచో పలకమీద దట్టమైన గోనెపట్టా కప్పవలెను, లేదా ప్రొద్దు గుంకువరకు ఆగవలెను. తెలిసిన మెకానిక్కు లేక ఇంటివారు ఈ పని పూనరాదు.

గ్యారంటీ గడువు తీరని పలక పెట్టెను విప్పరాదు. విప్పినచో హక్కు పోవును. మీటరు చూపిన అంకెలను కాగితమున వ్రాసి, తేదీ వేసి, అమ్మినవారికి పంపవలెను. కొన్ని పెట్టెలు జిగురుతో పూడ్చబడియుండును. అట్టివానిలో డయోడు మార్చ వీలుకాదు.

డయోడు మార్చునప్పుడు పాతదాని అంకె చూచి, దానికి సమానమైనదో, అంతకు మించినదో వేయవలెను. పలకలో ఎనిమిది తొమ్మిది ఆంపియరులు నడచును. అక్కడ ఒక ఆంపియరు ఓర్చు 1ఎన్4007ను వేసినచో అది నిముసములో మాడును. నలుపు ఒడలు, వెండి గీత చూచి అన్నియు నొకటే యనుకొనరాదు.

మందు కొట్టు పంపు బ్యాటరీకి ఎఱ్ఱతీగ ఎఱ్ఱకును, నల్లతీగ నల్లకును తగిలింపవలెను. కొన్ని పంపులలో తారుమారైనను కాచు డయోడుండును, అన్నింటిలో నుండదు. మా కార్యాలయపు దీపమును మేమే ఒకమారు తారుమారుగా తగిలించి చెరచుకొంటిమి. కావున చెప్పుచున్నాము.

తుదకు, నెలకు రెండు మారులైన పలకలను ప్రొద్దుననే, చల్లగా నున్నప్పుడు, మంచినీటితో తుడువవలెను. ఏటి కొకమారు ఉదయము, మధ్యాహ్నము, సాయంకాలము మూడు వేళలను పలకలయొద్ద నిలిచి నీడ ఎక్కడ పడునో చూడవలెను. చెట్టు పెరుగును; పలక పెరుగదు.

10. ముగింపు

ఒక్కొక్క రైతు ఒక్కొక్క మీటరు కొననక్కఱలేదు. కొన్ని వందల రూపాయల మీటరొకటి సంఘ కార్యాలయమున నున్నచో ఊరి కంతటికి చాలును. ఈ సంగతి రాబోవు సభలో ప్రతిపాదింపనున్నాము. దానిని పట్టుకొను విధము నేర్చుకొనుటకు ప్రతి పల్లెనుండి ఇద్దరు యువకులు ముందునకు రావలెనని కోరుచున్నాము.

సభలో చర్చించుటకై ఈ ప్రశ్నలు:

(1) ఇసుకనుండి వచ్చిన సిలికానులో భాస్వరము కలిపిన నేమి మిగులును? బోరాను కలిపిన నేమి తక్కువగును?

(2) చార్జరులో నాలుగు డయోడు లేల? ఒక్కటియే యున్న నేమగును?

(3) 45 వోల్టుల పలక ఎండలో 30 వోల్టులు చూపినచో పెట్టెలో ఎన్ని డయోడులు అతుకుకొన్నవని ఊహింపవచ్చును?

(4) మీ పలకలమీద నేడు ప్రొద్దున ఎనిమిది గంటలకు దేని నీడ పడినది?

పై చెప్పిన సభ్యుని పలకల గ్యారంటీ గడువు తీరియుండెను, పెట్టెలును విప్పదగినవే. మెకానిక్కు ఆ సాయంకాలము ప్రొద్దు గుంకిన పిమ్మట ఆరు డయోడులను మార్చెను. మరునాడు వేపచెట్టు కొమ్మలు రెండు కొట్టించిరి. మూడవనాడు ఎనిమిది గంటలకు నీరు వచ్చెనని వారే వచ్చి చెప్పిరి. వారి అప్పు దరఖాస్తు ఇప్పటికిని మా దస్త్రములో నున్నది. దానిపై "అక్కఱ లేకపోయినది" అని వ్రాసి, వారిచేతనే సంతకము చేయించితిమి.